ప్లాట్ వేరు, థీమ్ వేరు: హైస్కూల్ ఇంగ్లిష్‌లో కథా పరిభాష ఎక్కడ తికమక పెడుతుంది?

క్లుప్తంగా: ప్లాట్, సెట్టింగ్, కాన్‌ఫ్లిక్ట్, పాయింట్ ఆఫ్ వ్యూ, ఐరనీ, థీమ్, సిమిలీ, మెటఫర్ అన్నీ విద్యార్థి చేతికి ఒకే జాబితాగా వస్తాయి. నిజానికి అవి మూడు రకాల పదాలు. కొన్ని కథలో ఏముందో చెబుతాయి, కొన్ని దాన్ని ఎలా చెప్పారో చెబుతాయి, మిగతావి చదివినవాళ్లు తేల్చుకోవాల్సినవి. పైగా ఇవి వేర్వేరు శతాబ్దాల్లో, వేర్వేరు ప్రక్రియల కోసం పుట్టాయి. తెలుగు క్లాసులో నేర్చిన అలంకారాలు, వ్యాకరణంలోని ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలు కొన్నిచోట్ల సాయపడతాయి, కొన్నిచోట్ల దారి తప్పిస్తాయి.

## జాబితా ఒకటే, పదాలు మూడు రకాలు

ఇంగ్లిష్ గైడ్లలో తరచూ ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు పదం, కుడివైపు ఒక్క వాక్యంలో నిర్వచనం. దాన్ని బట్టీ పట్టిన విద్యార్థి ‘థీమ్ అంటే ఏమిటి?’ అని అడిగితే తడుముకోకుండా రాస్తాడు. ‘ఈ కథలో థీమ్ ఏమిటి?’ అని అడిగితే మాత్రం కథంతా మళ్లీ చెప్పేస్తాడు, లేదంటే చివర ఒక నీతివాక్యం తగిలించి ఊరుకుంటాడు. తప్పు జ్ఞాపకశక్తిది కాదు. ఆ పదం ఏ పనికి పుట్టిందో పట్టిక చెప్పదు.

ఈ తేడా ఇప్పుడు ఎక్కువగా బయటపడటానికి కారణాలున్నాయి. 2020 నాటి జాతీయ విద్యా విధానం తర్వాత సీబీఎస్‌ఈ తన ప్రశ్నపత్రాల్లో నేరుగా నిర్వచనం అడిగే ప్రశ్నలను తగ్గించి, చదివినదాన్ని అన్వయించే ప్రశ్నలను పెంచింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ బడులు కూడా కొన్నేళ్లుగా ఇంగ్లిష్ మీడియం వైపు జరిగాయి. అమెరికాలో చదివే తెలుగు పిల్లలది ఇంకో పరిస్థితి. అక్కడ 2010లో వచ్చిన, చాలా రాష్ట్రాలు స్వీకరించిన కామన్ కోర్ బోధనా ప్రమాణాల ప్రకారం 9, 10 తరగతుల్లో థీమ్ ఏమిటో చెబితే చాలదు. అది కథలో ఎక్కడ మొదలై ఎలా బలపడిందో పాఠం నుంచి ఆధారాలతో చూపాలి. మన దేశంలో బట్టీ పద్ధతిలో చదువుకున్న తల్లిదండ్రులు పిల్లల హోంవర్క్ చూసి టెన్షన్ పడేది ఈ విషయంలోనే.

జాబితాను విడగొడితే చిక్కు సగం తగ్గుతుంది. సంఘటనలు, పాత్రలు, చోటు, కాలం, ఘర్షణ కథలోపల ఉండేవి. ఎవరి కళ్లతో చెప్పారు, ఏది ముందు చెప్పి ఏది దాచారు, ఏ పోలికలు వాడారు అనేవి కథనానికి చెందినవి. థీమ్, టోన్, సింబల్ లాంటివి పేజీలో ఎక్కడా రాసి ఉండవు. మొదటి రెండింటినీ గమనించిన పాఠకుడు వాటిని ఊహతో కాకుండా లెక్కతో తేల్చాలి. మొదటి రకం పదాన్ని వేలుపెట్టి చూపొచ్చు. మూడో రకం పదాన్ని వాదించి నిలబెట్టాలి. పట్టిక ఈ తేడాను చెరిపేస్తుంది.

ఇవన్నీ ఒకే కథ మీద పెట్టి చూడటం తేలిక. ఫ్రెంచ్ రచయిత మొపాసా 1884లో రాసిన ‘ది నెక్లెస్’ అందుకు బాగా సరిపోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సప్లిమెంటరీ రీడర్‌లో ఇది పాఠంగా ఉంది. మటిల్డా ఒక చిన్న గుమాస్తా భార్య. మంత్రిగారి ఇంట్లో విందుకు పిలుపొస్తుంది. భర్త తుపాకీ కొనుక్కోవాలని దాచుకున్న 400 ఫ్రాంకులతో ఆమె గౌను కుట్టించుకుంటుంది. డబ్బున్న స్నేహితురాలు ఫోరెస్టియర్ దగ్గర వజ్రాల హారం ఎరువు తెచ్చుకుంటుంది. విందులో అందరి కళ్లూ ఆమె మీదే. తెల్లవారుజామున ఇంటికి వచ్చాక చూసుకుంటే మెడలో హారం లేదు. భార్యాభర్తలు 36,000 ఫ్రాంకులకు అలాంటిదే మరొకటి కొని, విషయం చెప్పకుండా తిరిగి ఇచ్చేస్తారు. భర్తకు తండ్రి నుంచి వచ్చిన 18,000 పోగా మిగతాదంతా అప్పు. అది తీరడానికి పదేళ్లు పడుతుంది. ఆ తర్వాత ఒకరోజు ఫోరెస్టియర్ ఎదురుపడినప్పుడు తెలుస్తుంది, ఎరువిచ్చిన హారం నకిలీదని. దాని ఖరీదు మహా అయితే 500 ఫ్రాంకులు.

## కథ, ప్లాట్: మధ్యలో ఉన్నది ‘ఎందుకు’

పై పేరాలో ఉన్నది కథ. అందులో ప్లాట్ పూర్తిగా రాలేదు. ఈ రెండింటినీ విడదీసిన ఉదాహరణల్లో బాగా ప్రచారంలో ఉన్నది ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో నవల గురించి రాసిన పుస్తకంలోది. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే అది కథ. రాజు చనిపోయాడు, ఆ దుఃఖంతో రాణి చనిపోయింది అంటే అది ప్లాట్. సంఘటనలు మారలేదు, వరస కూడా మారలేదు. కొత్తగా వచ్చింది కారణం.

‘ది నెక్లెస్’లో హారం పోవడం ఒక సంఘటన. పోయిందన్న మాట స్నేహితురాలికి చెప్పకపోవడం అసలు ప్లాట్‌ను నడిపే కారణం. ఆ రోజే నిజం చెప్పి ఉంటే 500 ఫ్రాంకులతో పోయేది. ఎందుకు చెప్పలేదంటే, తనను ఎవరు ఎలా చూస్తారన్న భయమే మటిల్డాను మొదటి నుంచీ నడిపిస్తోంది కాబట్టి. గౌను కోసం పట్టుబట్టింది, నగ ఎరువు తెచ్చింది, పోయిన సంగతి దాచింది, మూడింటికీ మూలం ఒకటే. ప్లాట్ రాయమంటే ఈ గొలుసును చూపాలి. ‘తర్వాత’, ‘ఆ తర్వాత’ అంటూ సాగే జవాబు సారాంశమే అవుతుంది. ‘కాబట్టి’, ‘అయినా’, ‘అందువల్ల’ అనే మాటలు రావడం మొదలైతే జవాబు ప్లాట్ వైపు జరుగుతోందని అర్థం.

## పిరమిడ్ తెచ్చిన తంటా

ప్లాట్ దగ్గరే ఇంకో గందరగోళం కాచుకుని ఉంటుంది. క్లాసులో బోర్డు మీద ఒక కొండ బొమ్మ గీస్తారు. ఎడమ అంచున ఎక్స్‌పొజిషన్ (పరిచయం), ఎక్కే దారిలో రైజింగ్ యాక్షన్, శిఖరం మీద క్లైమాక్స్, దిగే దారిలో ఫాలింగ్ యాక్షన్, చివర రిజల్యూషన్ (పరిష్కారం). ఇది జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో నాటక నిర్మాణం మీద రాసిన పుస్తకంలోని నమూనాకు మార్పులు చేసిన రూపం. ఆయన లెక్క చిన్న కథల కోసం వేసింది కాదు. గ్రీకు విషాద నాటకాలు, షేక్‌స్పియర్ అయిదంకాల నాటకాలు ఆయన ముందున్నాయి. ఆయన చెప్పిన శిఖరం నాటకం మధ్యలో, దాదాపు మూడో అంకంలో వస్తుంది. అక్కడి నుంచి నాయకుడి దశ తిరుగుతుంది. చివరి మెట్టు పేరు కూడా పరిష్కారం కాదు, వినాశం (కెటాస్ట్రఫీ).

తర్వాతి కాలంలో ఆ బొమ్మను అన్ని కథలకూ అంటించారు. సినిమాల వల్ల క్లైమాక్స్ అంటే ఉత్కంఠ పతాకస్థాయికి చేరే చివరి ఘట్టం అన్న అర్థం స్థిరపడింది. తెలుగు ప్రేక్షకుడికైతే అనుమానమే లేదు, క్లైమాక్స్ అంటే ఆఖరి పావుగంట ఫైటు. ఇలా ఒకే పదానికి రెండు అర్థాలు ఏర్పడ్డాయి. అందుకే ‘ది నెక్లెస్’లో క్లైమాక్స్ ఏది అంటే ఒక గైడు హారం పోయిన రాత్రి అంటే, ఇంకో గైడు చివరి మాట అంటుంది. ఫ్రైటాగ్ అర్థంలో మొదటిది సరి, ఎందుకంటే దశ తిరిగింది అక్కడే. ఉత్కంఠ అర్థంలో రెండోది సరి. ఏ అర్థంలో వాడుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పి కారణం చూపితే ఏ జవాబైనా నిలుస్తుంది. ఏదో ఒక్కటే సరైనదని పిల్లల చేత కొట్లాడించడం దండగ.

నిజానికి ఈ కథ ముగింపును వివరించడానికి ఫ్రైటాగ్ కంటే రెండు వేల ఏళ్లకు పైగా పాతవాడైన అరిస్టాటిల్ బాగా పనికొస్తాడు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో విషాద నాటకం గురించి చెబుతూ ఆయన రెండు మలుపులను ప్రత్యేకంగా గుర్తించాడు. ఒకటి, జరుగుతున్నది తలకిందులై ఎదురు తిరగడం. రెండు, అజ్ఞానం తొలగి నిజం తెలిసిరావడం. ఈ రెండూ ఒకేసారి జరిగే ప్లాట్ ఉత్తమమని ఆయన అభిప్రాయం. పారిస్‌లోని చాంప్స్ ఎలీజే వీధిలో ఫోరెస్టియర్ నోట వచ్చే ఆ చివరి మాటలో రెండూ ఒకేసారి జరుగుతాయి. పదేళ్ల కష్టం మీద మటిల్డాకు అప్పుడప్పుడే కలుగుతున్న గర్వం, ఆ ఒక్క మాటతో వేరే అర్థంలోకి మారిపోతుంది.

మన దగ్గర నాట్యశాస్త్ర సంప్రదాయం కూడా కథాగమనాన్ని అయిదు దశలుగా చెప్పింది: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. పైకి చూస్తే ఫ్రైటాగ్ మెట్లలాగే ఉంటాయి కానీ, కొలిచేది వేరు. నాట్యశాస్త్రం నాయకుడు ఫలానికి ఎంత దగ్గరయ్యాడో కొలుస్తుంది, చివర ఫలం దక్కాలి. ఫ్రైటాగ్ లెక్కలో శిఖరం తర్వాత మిగిలేది జారుడే. మొపాసా కథను ఫలాగమం చట్రంలో ఇరికించలేం. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ మాత్రం చక్కగా అమరుతుంది. రాత్రి పొద్దుపోయాక ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కనిపించదు, వెళ్లిపోతున్నానని ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది. అతను తన నడతకు పశ్చాత్తాపపడతాడు. చివరకు మంచం కిందనుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. అక్కడా నిజం చివర్లోనే బయటపడుతుంది, అక్కడా చదివేవాడికి ముందు తెలియదు. కానీ ఒక కథలో ఆ నిజం జీవితాన్ని ఎగతాళి చేస్తుంది, ఇంకో కథలో కాపురాన్ని నిలబెడుతుంది. ప్లాట్ యంత్రాంగం ఒకటే అయినంత మాత్రాన థీమ్ ఒకటి కానక్కర్లేదని చూపడానికి ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే చాలు.

## సెట్టింగ్ వెనక తెర కాదు

సెట్టింగ్ అడిగితే ‘పారిస్, 19వ శతాబ్దం’ అని రాసి సరిపెడతారు. అది చిరునామా మాత్రమే. మటిల్డాకు కట్నం లేదని మొపాసా మొదట్లోనే చెబుతాడు. కట్నం లేని ఆడపిల్లకు పెద్దింటి సంబంధం రాని సమాజం అది. అందుకే గుమాస్తాతో పెళ్లి, అందుకే తీరని కోరికలు, అందుకే ఆ ఒక్క రాత్రి కోసం అంత ఆరాటం. ఇంగ్లిష్ పాఠంలో ఈ మాట దాటిపోయే విద్యార్థి కూడా తెలుగులో చెబితే వెంటనే అందుకుంటాడు, కట్నం గురించి ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు. చోటూ కాలమూ మారిస్తే కథ అలాగే నడుస్తుందా అని అడగడం సెట్టింగ్‌కు మంచి పరీక్ష. నడవదంటే, ఏది ఆగిపోతుందో అదే జవాబు.

## పాత్రలను కొలిచే రెండు కొలతలు

ఫ్లాట్, రౌండ్, స్టాటిక్, డైనమిక్ అనే నాలుగు పదాలను రెండు జంటలుగా నేర్పుతారు. పిల్లలు వాటిని ఒకే జంటగా గుర్తుపెట్టుకుంటారు. ఫ్లాట్ అంటే స్టాటిక్, రౌండ్ అంటే డైనమిక్ అని. మొదటి జంట ఫార్‌స్టర్‌ది. పాత్రకు ఎన్ని పార్శ్వాలున్నాయో అది కొలుస్తుంది. రెండో జంట పాత్ర కథ మొదటికీ చివరికీ మారిందా లేదా అని కొలుస్తుంది. ఒకటి లోతు, ఒకటి మార్పు. మటిల్డాలో రెండూ ఉన్నాయి. నాజూకు కోరికలున్న మనిషి పదేళ్లలో గిన్నెలు తోమి, నీళ్లు మోసి, పైసా పైసాకు బేరమాడే మనిషిగా మారుతుంది. ఆమె భర్త మొదటి నుంచి చివరి వరకు భార్యను సంతోషపెట్టాలనుకునే మంచి మనిషే, పెద్దగా మారడు. అలాగని అతను లేకపోతే కథ లేదు. ఫ్లాట్ అనడం తిట్టు కాదు, చిన్న కథలో పక్కపాత్రలు అలా ఉండటం సహజం.

కాన్‌ఫ్లిక్ట్ విషయంలోనూ ఇలాంటి తొందరే. మనిషికీ మనిషికీ, మనిషికీ ప్రకృతికీ, మనిషికీ సమాజానికీ, మనిషికీ తనకూ అని నాలుగు గళ్లు ఇచ్చి ఒకదాంట్లో టిక్ పెట్టమంటారు. మంచి కథ ఒక గడిలో ఇమడదు. మటిల్డా గొడవ పైకి సమాజంతో, లోపల తనతో. లోపలి గొడవ వల్లే బయటి గొడవ ముదిరింది. రెండూ రాసి, ఏది దేన్ని పెంచిందో చెప్పడమే సరైన జవాబు.

## పాయింట్ ఆఫ్ వ్యూ: ‘ప్రథమ పురుష’తో వచ్చే చిక్కు

ఇక్కడ తెలుగు విద్యార్థికి మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. తెలుగు వ్యాకరణంలో ‘నేను, మేము’ ఉత్తమ పురుష. ‘నువ్వు, మీరు’ మధ్యమ పురుష. ‘అతడు, ఆమె, వారు’ ప్రథమ పురుష. ఇంగ్లిష్‌లో ఫస్ట్ పర్సన్ అంటే ‘నేను’. ‘ఫస్ట్’ను నేరుగా ‘ప్రథమ’ అనుకున్న విద్యార్థి సరిగ్గా తలకిందులైన జవాబు రాస్తాడు. ఫస్ట్ పర్సన్ కథనం అంటే ఉత్తమ పురుష కథనం, థర్డ్ పర్సన్ అంటే ప్రథమ పురుష కథనం. తెలుగు టీచర్, ఇంగ్లిష్ టీచర్ ఒక్కరోజు కలిసి ఈ పట్టిక బోర్డు మీద రాస్తే తీరిపోయే సమస్య ఇది. అలా జరగడం అరుదు.

రెండో అపోహ, పాయింట్ ఆఫ్ వ్యూ అంటే రచయిత అభిప్రాయం అనుకోవడం. మామూలు మాటల్లో ఆ అర్థం ఉంది కాబట్టి ఈ పొరపాటు జరుగుతుంది. కథ విషయంలో దాని అర్థం, సమాచారం ఎవరి ద్వారా మనకు చేరుతోంది అనేదే. ‘ది నెక్లెస్’ థర్డ్ పర్సన్‌లో ఉంది. కథకుడు దాదాపు ఎప్పుడూ మటిల్డా వెంటే ఉంటాడు, ఆమె మనసులోకి చూస్తాడు, ఫోరెస్టియర్ మనసులోకి తొంగి చూడడు. ఈ కట్టడి సరదాకు పెట్టుకున్నది కాదు. కథకుడు అందరి మనసులూ చెప్పేవాడైతే నగ ఎరువిచ్చే సమయంలోనే గుట్టు విప్పాలి, లేదా మోసం చేసినట్టవుతుంది. ‘దిద్దుబాటు’లోనూ కథనం గోపాలరావును అంటిపెట్టుకునే ఉంటుంది. మంచం కింద ఏముందో అతనికి తెలియదు, కాబట్టి మనకూ తెలియదు. ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది ఎప్పుడు ఏం తెలుస్తుందన్నదాన్ని నిర్ణయిస్తుంది. తర్వాత వచ్చే ఐరనీ కూడా దీనిమీదే ఆధారపడుతుంది.

## ఐరనీ: ఎవరికి ఎంత తెలుసు

ఐరనీ మూడు రకాలని పుస్తకాలు చెబుతాయి. వెర్బల్ ఐరనీ అంటే అన్న మాట ఒకటి, ఉద్దేశం ఇంకోటి. పొగుడుతున్నట్టే తిట్టడం, తిడుతున్నట్టే పొగడటం మన వ్యాజస్తుతికి పట్టు. ఆ పద్యాలు చదివినవారికి ఇది కొత్త కాదు. సర్కాజమ్ (వెటకారం) అందులో ఒక ముక్క మాత్రమే, గుచ్చాలనే ఉద్దేశం అక్కడ తప్పనిసరి.

డ్రమాటిక్ ఐరనీలో పాత్రకు తెలియనిది మనకు తెలుసు. దీనికి విరాటపర్వం కంటే మంచి ఉదాహరణ దొరకదు. సారథి ఒక్కడు దొరికితే కౌరవుల పని పడతానని అంతఃపురంలో ఉత్తరుడు గొప్పలు చెబుతుంటాడు. బృహన్నల ఎవరో అతనికి తెలియదు, వినేవాళ్లందరికీ తెలుసు. కౌరవ సేనను చూసి రథం దిగి పారిపోతున్న రాకుమారుణ్ని బృహన్నల పట్టి తెస్తుంది. తర్వాత కొలువులో విరాటరాజు కొడుకు గెలిచాడని పొంగిపోతుంటే, పక్కన పాచికలాడుతున్న కంకుడు ధర్మరాజని కూడా మనకు తెలుసు. నవ్వూ ఉత్కంఠా రెండూ ఆ తెలివిడి తేడాలోంచే పుడుతున్నాయి.

సిట్యుయేషనల్ ఐరనీలో అనుకున్నదానికి పూర్తి విరుద్ధంగా ఫలితం వస్తుంది. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పెళ్లిరోజు వాన పడితే అది దురదృష్టం, ఐరనీ కాదు. మనిషి చేసిన ప్రయత్నమే తన లక్ష్యాన్ని దెబ్బతీసినప్పుడు ఆ పదం సరిపోతుంది. ధనవంతురాలిలా కనిపించాలని ఎరువు తెచ్చిన నగే మటిల్డాను నిజమైన పేదరికంలోకి నెడుతుంది. ఆ పేదరికాన్ని తప్పించగల నిజాన్ని ఆమే దాచుకుంది.

మొదటిసారి చదివేటప్పుడు ఇది సిట్యుయేషనల్ ఐరనీ. రెండోసారి చదివేటప్పుడు ముగింపు తెలుసు కాబట్టి, ప్రతి పేజీలో డ్రమాటిక్ ఐరనీ అవుతుంది. ఫోర్‌షాడోయింగ్ కూడా రెండో చదువులోనే కనిపిస్తుంది. అడగ్గానే ఫోరెస్టియర్ వెనకాడకుండా నగ ఇచ్చేస్తుంది. పెట్టె మీద పేరున్న నగల వ్యాపారి, హారం తాను అమ్మలేదని, పెట్టె మాత్రమే తనదై ఉంటుందని చెబుతాడు. కొత్త హారం తిరిగి ఇచ్చినప్పుడు ఫోరెస్టియర్ పెట్టె తెరిచి కూడా చూడదు. మూడు సూచనలూ కళ్లెదుటే ఉన్నాయి. మటిల్డా కంగారులో కథకుడు వాటిని కప్పేశాడు. ఫ్లాష్‌బ్యాక్‌తో దీన్ని కలపకూడదు. తెలుగు సినిమా పుణ్యమా అని ఫ్లాష్‌బ్యాక్ అందరికీ తెలిసినదే, అది జరిగినదాన్ని వెనక్కి వెళ్లి చూపుతుంది. ఫోర్‌షాడోయింగ్ జరగబోయేదాన్ని చెప్పకుండా సూచిస్తుంది.

## థీమ్ దగ్గర నీతికథల అలవాటు

పంచతంత్రం, నీతిచంద్రిక లాంటి వాటితో కథలు చదవడం మొదలుపెట్టినవారికి కథ చివర నీతి ఉంటుందన్న నమ్మకం గట్టిగా ఉంటుంది. ఆ కథల్లో నీతిని పాత్రలే పలుకుతాయి, అది వాటి పద్ధతి. ఆధునిక కథానిక అలా పనిచేయదు. టాపిక్, మోరల్, థీమ్ మూడు వేరు. ‘దురాశ’ టాపిక్. ‘దురాశ దుఃఖానికి చేటు’ మోరల్. థీమ్ అనేది టాపిక్ గురించి ఈ కథ ప్రత్యేకంగా చూపించిన విషయం, ఒక పూర్తి వాక్యంగా.

మోరల్ రాస్తే నష్టమేమిటంటే, కథలో సగం దానికి లొంగదు. మటిల్డా దురాశకు శిక్ష పడిందనుకుంటే, హారం పోయాక ఆమె పారిపోకుండా పదేళ్లు కష్టపడి ప్రతి ఫ్రాంకూ తీర్చడాన్ని ఏం చేయాలి? ఆ నిజాయితీని మొపాసా చిన్నచూపు చూడలేదు. కాబట్టి ‘విలువను పైమెరుపుతో కొలిచే సమాజంలో, నకిలీని అసలు అనుకున్నవాళ్లు అసలు ధర చెల్లిస్తారు’ లాంటి వాక్యం కథకు దగ్గరగా ఉంటుంది. ఇది ఒక్కటే సరైన థీమ్ అని కాదు. కట్నం దగ్గర మొదలుపెట్టి, ఆడదానికి అందం తప్ప మరో పెట్టుబడి మిగల్చని వ్యవస్థ గురించి వాదించినా ఆధారాలు దొరుకుతాయి. పరీక్షకు ఒక ప్రశ్న చాలు: ఈ వాక్యం కథలోని ముఖ్యమైన ఘట్టాలన్నింటికీ సరిపోతోందా, కొన్నిటికేనా?

టోన్, మూడ్ గురించి ఇంత చర్చ అక్కర్లేదు. టోన్ చెప్పేవాడి వైఖరి, మూడ్ చదివేవాడిలో కలిగే వాతావరణం. మొపాసా టోన్ పొడిగా, దూరంగా ఉంటుంది. మూడ్ మాత్రం ఆందోళనగా ఉంటుంది.

## సిమిలీ, మెటఫర్: తెలుగు క్లాసు ఎంతవరకు ఆదుకుంటుంది?

అలంకారాల దగ్గర తెలుగు విద్యార్థికి ఇంగ్లిష్ పుస్తకం ఇచ్చే దానికంటే మంచి పనిముట్టు ముందే చేతిలో ఉంది. ఉపమాలంకారానికి ఉపమేయం (వర్ణించేది), ఉపమానం (దేంతో పోల్చారో అది), సమానధర్మం (రెండింటికీ ఉన్న పోలిక), ఉపమావాచకం (‘వలె’ లాంటి మాట) అనే నాలుగు భాగాలను తెలుగు క్లాసులో విడదీసి నేర్పుతారు. ఇంగ్లిష్ విమర్శలో మెటఫర్ భాగాలకు ఇప్పుడు వాడుకలో ఉన్న టెనర్, వెహికిల్ అనే పేర్లను విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ 1936లో పెట్టాడు. ఉపమేయం, ఉపమానాలకు అవి ఇంచుమించు సాటి. సిమిలీ దొరికినప్పుడు ఆ నాలుగు భాగాలుగా విడగొడితే, ముఖ్యంగా సమానధర్మం ఏమిటో చెబితే, జవాబులో ‘ఎఫెక్ట్’ భాగం దానంతటదే వచ్చేస్తుంది.

రూపకాన్ని మెటఫర్‌కు అచ్చంగా సమానం అనుకుంటే మాత్రం చిక్కే. రూపకంలో ఉపమేయం, ఉపమానం రెండూ కనిపిస్తాయి, రెండింటికీ భేదం లేదంటారు. ఇంగ్లిష్ మెటఫర్ పరిధి పెద్దది. ఉపమేయాన్ని మాయం చేసి ఉపమానాన్నే నిలబెట్టినా అది మెటఫరే. మన శాస్త్రంలో అలాంటిది అతిశయోక్తిలో ఒక భేదంగా వస్తుంది. హైపర్‌బోలీని అతిశయోక్తి అనేస్తారు కానీ, ఆ సంస్కృత పదం కింద ఇన్ని రకాలున్నాయని గుర్తుంటే మంచిది.

అలిటరేషన్‌కు వృత్త్యనుప్రాస అని రాయడమూ సగం నిజమే. గజేంద్ర మోక్షంలో పోతన ‘అడిగెదనని కడువడి జను’ పద్యం వృత్త్యనుప్రాసకు పేరుపొందింది, ‘డ’కారం పద్యమంతా దొర్లుతుంది. కానీ ఆ ‘డ’ మాటల మొదట్లో లేదు, మధ్యలో ఉంది. అలిటరేషన్ ప్రధానంగా మాటల మొదటి ధ్వనుల మీద నడుస్తుంది. మధ్యలోనూ చివరా హల్లు తిరిగి తిరిగి వస్తే ఇంగ్లిష్‌లో దాన్ని కాన్సొనెన్స్ అంటారు. అంత్యానుప్రాస, రైమ్ మాత్రం ఇబ్బంది లేకుండా కలుస్తాయి.

## మార్కుల దగ్గర

‘ది నెక్లెస్’లో ఐరనీ ఉందని రాసిన జవాబుకు కొంత మార్కు రావచ్చు. 500 ఫ్రాంకుల వస్తువుకు 36,000 చెల్లించారని, ఆ తేడా స్నేహితురాలికి చెప్పని ఒక్క మాటలో ఉందని రాసిన జవాబు ఐరనీ అనే పదం మరచినా బలంగానే ఉంటుంది. పేరు పెట్టడం, చోటు చూపడం, అది చేసిన పని చెప్పడం అనే మూడు అడుగుల్లో విద్యార్థులు ఎక్కువగా ఆగిపోయేది మొదటి అడుగు దగ్గరే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పదో తరగతి ఇంగ్లిష్‌లో డిస్కోర్స్‌ల (సొంతంగా రాసే అంశాల) కింద అడిగే డైరీ ఎంట్రీ ఈ పదాలన్నింటికీ ఒకేసారి పరీక్ష పెడుతుంది. హారం తిరిగి అందిన రోజు రాత్రి ఫోరెస్టియర్ రాసుకునే డైరీ రాయమన్నారనుకుందాం. కథనం ఉత్తమ పురుషలోకి మారుతుంది, టోన్ కాస్త చిరాకుగా ఉండాలి, ఎందుకంటే నగ ఆలస్యంగా వచ్చిందని ఆమె అప్పుడు విసుక్కుంది. తాను ఎరువిచ్చింది నకిలీదని ఆమెకు తెలుసు, ఆ సంగతి రాయొచ్చు. తిరిగొచ్చింది అసలు వజ్రాలని మాత్రం రాయకూడదు. ఆ రోజు ఆమె పెట్టె తెరవలేదు.